ఆర్ట్స్ కళాశాల నుండి తార్నాక వరకు: పూర్వ రాజధానిలో సంఘ చరిత్ర విద్యార్థి చూడదగిన స్థలాలు

మన పాస్టర్ల సదస్సులు హైదరాబాదులో జరిగినప్పుడు చివరి రోజు మధ్యాహ్నం ఊరు చూపించే ఆనవాయితీ ఒకటి ఉన్నది. బస్సు చార్మినారు దగ్గర ఆగుతుంది, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడతాము, వీలైతే గోల్కొండ ఎక్కుతాము, చీకటి పడకముందే ట్యాంక్‌బండ్ మీదికి వస్తాము. ఈ వాడుకను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కాని సంఘ చరిత్ర చదివేవారికి అంతకంటే ఎక్కువ పనికివచ్చే స్థలాలు నగరానికి తూర్పున, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోను దానిని ఆనుకొన్న తార్నాకలోను ఉన్నాయి. అక్కడికి వెళ్ళే వేదాంత విద్యార్థులు ఏమి చూడాలో, దానిని మన సంఘ చరిత్రతో ఎలా కలిపి చదవాలో వ్రాయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

"పూర్వ రాజధాని" అన్న మాటకు కొంత వివరణ అవసరం. హైదరాబాదు నేడు తెలంగాణ రాజధాని. అయితే ఇది వేరు వేరు కాలాల్లో వేరు వేరు దేశాలకు రాజధానిగా ఉండి, ఆ దేశాలు పోయినా తాను మిగిలిన నగరం. 1591లో కుతుబ్‌షాహీలు దీనిని కట్టారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైన తరువాత దీని ప్రాభవం తగ్గింది. అసఫ్‌జాహీలు మొదట ఔరంగాబాదు నుండి పరిపాలించి, రెండవ నిజాం అలీఖాన్ కాలంలో ఇక్కడికి మారారు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం ముగిసింది. 1956 నుండి 2014 వరకు ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాజధాని. ఆ తరువాత పది సంవత్సరాలు రెండు రాష్ట్రాలకు చట్టరీత్యా ఉమ్మడి రాజధానిగా ఉండి, 2024 జూన్ 2తో ఆ హోదా కూడా తీరిపోయింది. కోస్తా జిల్లాల పాస్టర్లలో చాలామందికి ఇది ఒకప్పుడు "మన రాజధాని". ఇప్పుడు అది పొరుగు రాష్ట్రపు నగరం. సంఘాల సరిహద్దులు మాత్రం రాష్ట్రాల సరిహద్దులతో పాటు కదలవు. అందుచేత ఈ నగరపు చరిత్ర ఇరువైపుల వారికీ ఉమ్మడి ఆస్తియే.

ఆర్ట్స్ కళాశాల భవనం

విశ్వవిద్యాలయ ఆవరణలోకి వెళ్ళినవారికి మొదట కనిపించేది గులాబి రంగు రాతితో కట్టిన ఆర్ట్స్ కళాశాల. 1917లో స్థాపన ఫర్మానా వెలువడి, 1919లో తరగతులు ప్రారంభమైనా, విశ్వవిద్యాలయం తొలి సంవత్సరాలలో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె ఇళ్ళలో నడిచింది. అడిక్‌మెట్ వైపు విశాలమైన స్థలం నిర్ణయించిన తరువాత, నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లను ప్రభుత్వం విదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. ఆ ప్రయాణంలోనే కైరో శివారున హెలియోపోలిస్ నిర్మాణంలో పనిచేసిన బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ వారికి తటస్థపడ్డాడు. ప్రణాళిక ఆయనది. పని ముగించినది జైన్ యార్ జంగ్. 1934లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ పునాదిరాయి వేసి, 1939 డిసెంబరు 4న ఆయనే ప్రారంభించాడు.

ముందు నిలబడి చూస్తే ఎత్తైన కమాను మొఘల్, కుతుబ్‌షాహీ పద్ధతులను గుర్తుచేస్తుంది. లోపలికి నడిచి స్తంభాల దగ్గర ఆగితే అవి అజంతా, ఎల్లోరా గుహల స్తంభాలను పోలి ఉంటాయి. ఆ గుహలు కూడా అప్పుడు నిజాం రాజ్యంలోనివే. రాజ్యంలోని రెండు సంప్రదాయాలను ఒకే రాతిలో కలిపి చూపాలన్న ఆలోచన ఇందులో స్పష్టంగా ఉంది.

ఇక్కడ మన విద్యార్థులు ఒక పోలిక గమనించాలి. అదే 1939లో, జనవరి నెల ఎపిఫనీ పండుగ దినాన, అదే నిజాం రాజ్యంలో, డోర్నకల్‌లో మరొక భవనం ప్రతిష్ఠ జరిగింది. అది బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన కట్టించిన కతీడ్రల్‌లో మసీదును తలపించే గుమ్మటాలు, మినారులు ఉన్నాయి. దక్షిణాది దేవాలయ మండపాలలో ఉండేటటువంటి స్తంభాలు ఉన్నాయి. అంతకు పద్నాలుగేళ్ళు ముందు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించబడిన మెదక్ కతీడ్రల్ గోతిక్ పద్ధతిలో ఇంగ్లాండు నుండి దిగివచ్చినట్లు ఉంటుంది. డోర్నకల్ అలా ఉండదు.

నిజాం ఇంజనీర్లు డోర్నకల్‌ను చూసి కట్టారనిగాని, అజరయ్య అడిక్‌మెట్‌ను చూసి కట్టాడనిగాని మేము చెప్పటం లేదు. డోర్నకల్ పని చాలా ముందే మొదలై ఆగుతూ సాగింది. ఒకే గాలి రెండు చోట్లా వీచింది అని మాత్రం అనవచ్చు. అయితే భేదం కూడా ఉంది. ఒకటి దేశంలోకెల్లా సంపన్నుడైన రాజు ఖజానాతో లేచింది. మరొకటి ఎక్కువ భాగం మాల, మాదిగ కుటుంబాల నుండి వచ్చిన విశ్వాసుల సంఘానికి తల్లి గుడి. సందర్భానుసార వేదాంతం గురించి తరగతి గదిలో చాలా మాట్లాడుతాము. ఈ రెండు భవనాలను ఒకే వారంలో చూసివచ్చిన విద్యార్థికి ఆ మాట అర్థం వేరుగా తెలుస్తుందని మా అభిప్రాయం.

విశ్వవిద్యాలయపు తొలి ముద్రలో వెలుగును గూర్చిన ఖురాన్ మాట ఉండేది. తరువాతి ముద్రలో వెలుగును గూర్చిన ఉపనిషత్తు మాట వచ్చింది. ప్రభుత్వాలు మారినా ఎన్నుకొన్న ఉపమానం మారలేదు. యోహాను సువార్త మొదటి అధ్యాయం బోధించేవారికి ఈ వివరం ఉపయోగపడుతుంది.

ఏ భాషలో చదువు?

భవనం కంటే ముఖ్యమైనది దానిలో జరిగిన ప్రయోగం. బ్రిటిషు ఇండియాలో విశ్వవిద్యాలయ విద్య అంతా ఇంగ్లీషులో నడుస్తున్న రోజుల్లో, అక్బర్ హైదరీ విజ్ఞాపన మీద నిజాం ప్రభుత్వం ఉర్దూను బోధనా మాధ్యమంగా చేసి ఈ విద్యాలయం పెట్టింది. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉన్నది గాని మాధ్యమం కాదు. 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నాయకుడు. కవి జోష్ మలీహాబాదీ వంటివారు అందులో పనిచేశారు. చరిత్ర, తర్కం, గణితం, రసాయన శాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు గ్రంథాలు వందల సంఖ్యలో ఉర్దూలోకి వచ్చాయి. ఒక్కొక్క పారిభాషిక పదం కోసం పండితులు కూర్చుని వాదించుకొని, అరబీ, పారసీ ధాతువుల నుండి మాటలు పుట్టించారు. మన దేశ భాషలో వైద్యం బోధించవచ్చునా అన్న సందేహానికి వారు చేసి చూపించిన జవాబు ఇది.

సేరంపూరును ఎరిగిన మనకు ఇది కొత్త కథ కాదు. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్‌లు సేరంపూరు కళాశాల స్థాపించినప్పుడు వారి ఆలోచన కూడా తూర్పు దేశాల సాహిత్యాన్ని, ఐరోపా విజ్ఞానాన్ని ఇక్కడి యువకులకు అందించటమే. సంస్కృతానికి, బెంగాలీకి అందులో పెద్ద స్థానం ఉండేది. 1827లో డెన్మార్కు రాజు సనదు వచ్చింది. దాని అధికారాన్ని స్థిరపరచిన బెంగాల్ చట్టం 1918లో వచ్చింది. అంటే ఉస్మానియా రూపుదిద్దుకొంటున్న రోజుల్లోనే. తెలుగు క్రొత్త నిబంధన సేరంపూరులో అచ్చయిన సంవత్సరం కూడా 1818. కాని వేదాంత పట్టాలు ఇవ్వటం మొదలైన నాటికి సేరంపూరు ఇంగ్లీషు వైపు మరలింది. మేము బి.డి. చదివినది ఇంగ్లీషులో. ప్రసంగించినది, సమాధి దగ్గర ప్రార్థించినది, వివాహాలు జరిపించినది తెలుగులో. ఈ రెంటి మధ్య వంతెన ప్రతి పాస్టరూ ఒంటరిగా కట్టుకొంటున్నాడు. దారుల్ తర్జుమా వంటిది మనకు లేదు.

అయితే ఉస్మానియా ప్రయోగాన్ని పొగిడి ఊరుకోవటం న్యాయం కాదు. "దేశ భాష" అని చెప్పిన ఉర్దూ ఆ రాజ్యంలో ఎందరి ఇంటి భాష? జనాభాలో సుమారు సగం మంది తెలుగువారు, నాలుగోవంతు మరాఠీవారు, తరువాత కన్నడం, ఉర్దూ మాట్లాడేవారు. నల్లగొండ పల్లె నుండి వచ్చిన పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత దూరమో ఉన్నత విద్య ఉర్దూ దాదాపు అంతే దూరం. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది, అదే తరువాత ఆంధ్ర మహాసభ అయ్యింది. ఇదంతా ఉస్మానియాలో తరగతులు మొదలైన రెండేళ్ళకే. తెలుగు ఆ విద్యాలయంలో అసలు లేదని కాదు. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి అక్కడ తెలుగు ఆచార్యుడు. తెలుగు ఒక పాఠ్యాంశం, అంతే. 1948 తరువాత కొద్ది సంవత్సరాల్లోనే ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు వంతు అప్పుడూ రాలేదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి డిగ్రీ పుస్తకాలు తెలుగులో రావటం మొదలయ్యేదాకా ఆగవలసివచ్చింది.

మన సంఘాల విషయంలో ఇదే ప్రశ్న మరొక రూపంలో ఉన్నది. మిషనరీలు, వారి మున్షీలు కలిసి ఎన్నుకొన్న రక్షణ, కృప, నీతి, ప్రాయశ్చిత్తము వంటి మాటలు ఎక్కువగా సంస్కృతం నుండి వచ్చినవి. వాటిని తొలిసారి విన్న పల్లె విశ్వాసులలో చాలామందికి అక్షరాలు రావు, సంస్కృతం విననివ్వని కులాలవారు. పై నుండి దిగివచ్చిన భాషను వారు నోటికి అలవాటు చేసుకొని, పాటల్లో పెట్టుకొని, చివరికి సొంతం చేసుకొన్నారు. ఉర్దూ పారిభాషిక పదాలకు ఆ అదృష్టం పట్టలేదు. పాటగా మారని పదం ప్రభుత్వంతో పాటే పోయింది.

ఇంకొక వైపు కూడా చెప్పాలి. వేదాంత విద్య అంతా తెలుగులోకి మార్చాలని కొందరు అంటారు. బి.టి.ఎచ్. స్థాయిలో ప్రాంతీయ భాషల్లో బోధన సాగింది, అది మంచిదే. కాని మన విద్యార్థులలో ఎక్కువమంది దళిత కుటుంబాల వారు. వారి తాతలకు ఇంగ్లీషు ఒక తలుపు తెరిచింది. ఆ తలుపు మూయమని సలహా ఇచ్చేవారు తమ పిల్లలను ఏ మాధ్యమంలో చదివిస్తున్నారో ముందు చెప్పాలి. కనుక మాకు కావలసినది ఇంగ్లీషు మానటం కాదు, తెలుగులో పరిశోధన వ్రాయగల శక్తి. ఈ రెండూ ఒకే విద్యార్థిలో ఉండవచ్చు.

వందేమాతరం, ఒక గౌరవ పట్టా

ఆవరణలో హాస్టళ్ళ వైపు నడిచేవారు 1938ని తలచుకోవాలి. ఆ సంవత్సరం చివర హాస్టల్ విద్యార్థులు ప్రార్థనగా వందేమాతరం పాడారని విశ్వవిద్యాలయం వారిని బహిష్కరించింది. ఉద్యమం ఇతర కళాశాలలకు ప్రాకింది. వరంగల్ వైపు చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా చదువు కోసం నాగపూరు వెళ్ళవలసివచ్చింది. నాగపూరు విశ్వవిద్యాలయం ఈ విద్యార్థులను చేర్చుకొన్నది. 1969లోను, 2009 తరువాతను ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఇదే ఆవరణ కేంద్రమైంది. ఆ సంగతులు పాఠకులు ఎరిగినవే.

మనవారికి అంతగా తెలియనిది 1953 జనవరి 12. ఆ రోజు ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టర్ అంబేద్కరుకు గౌరవ డి.లిట్. ఇచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవించిన మరుసటి సంవత్సరం ఇది. నిన్నటిదాకా రాజుగారిదైన ఒక విద్యాలయం, రాజ్యాంగ ముసాయిదా కమిటీ అధ్యక్షుని అలా గౌరవించటం చిన్న విషయం కాదు.

మహ్‌లఖా బాయి బావి

ఆవరణలోనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, సీఫెల్‌గా పేరుపొంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయ్యింది. దేశభాషా మాధ్యమానికి పేరుపడిన నేల మీదే ఇంగ్లీషు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కేంద్రం వెలసింది. చరిత్రకు హాస్యం తెలుసు.

ఆ ఆవరణలో ఒక పాత మెట్లబావి ఉంది. దానిని మహ్‌లఖా బాయి చందా కట్టించినదిగా చెబుతారు. ఆమె 1768లో పుట్టి 1824లో మరణించిన గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. ఉర్దూలో తన దీవాన్ కలిగిన తొలి స్త్రీలలో ఒకరు. నిజాం అలీఖాన్ దర్బారులో ఆమెకు జాగీర్లు, గౌరవాలు ఉండేవి. అడిక్‌మెట్ భూములు ఆమె జాగీరులోనివే. మౌలాలి గుట్ట క్రింద తన తల్లికి కట్టించిన సమాధి ప్రక్కనే ఆమె సమాధి ఉన్నది. చాలాకాలం పూడిక, చెత్తతో నిండిపోయిన ఈ బావిని ఇటీవలి సంవత్సరాల్లో శుభ్రపరచి బాగుచేశారు.

పాస్టర్ల బృందాన్ని ఒక వేశ్య కట్టించిన బావి దగ్గరికి తీసుకువెళ్ళటం ఏమిటని అడిగేవారు ఉంటారు. మత్తయి వ్రాసిన వంశావళిని మరొకసారి చదివి రమ్మని వారికి చెబుతాము. పైగా జోగిని వ్యవస్థ ఇంకా పూర్తిగా పోని జిల్లాల్లో సేవ చేస్తున్నవారు మనలో ఉన్నారు. ధనమూ విద్యా ఉన్న ఒక స్త్రీ, గౌరవనీయమైన కుటుంబం అనే రక్షణ లేకుండా, ఊరికి నీళ్ళు ఇచ్చి వెళ్ళింది. ఆ నేల మీద ఇప్పుడు వేలమంది ఆడపిల్లలు చదువుతున్నారు. ఆవరణలో ఆమె పేరు తెలిసినవారు తక్కువ.

తార్నాక పత్రాగారం

తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. కంచె తీగ వేసిన పెద్ద తోట దగ్గరి నాకా కనుక ఆ పేరు వచ్చిందని స్థానికులు చెప్పుకొంటారు. ఇప్పుడు మెట్రో స్టేషను, వంతెన, హోటళ్ళు. కూనూరు నుండి 1958లో తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడిదే. చరిత్ర విద్యార్థి ఆగవలసినది మాత్రం రాష్ట్ర పురాతన పత్రాగారం దగ్గర, అందరూ ఆర్కైవ్స్ అని పిలిచే భవనం దగ్గర.

ఇందులోని సంపద అసామాన్యమైనది. షాజహాను, ఔరంగజేబుల దక్కన్ పరిపాలనకు చెందిన లక్షా యాభై వేలకు పైబడిన పారసీ పత్రాలు ఉన్నాయి. నిజాం ప్రభుత్వపు దివానీ, రెవెన్యూ దస్త్రాలు ఉన్నాయి. పత్రాలను బాగుచేసి డిజిటల్ రూపంలోకి మార్చే పనికి 2022లో ఇరాన్‌కు చెందిన నూర్ సంస్థతో ఒప్పందం కుదిరింది. 1880లలో పారసీ స్థానంలో ఉర్దూ ప్రభుత్వ భాష అయ్యింది గనుక మిషనరీలు ఈ రాజ్యంలో విస్తరించిన కాలపు ప్రభుత్వ దస్త్రాలు ముఖ్యంగా ఉర్దూలోనే ఉంటాయి. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో ప్రారంభించిన కుష్ఠు వైద్యశాల కథను తీసుకోండి. దానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు హిందువైన నర్సా గౌడ్, ప్రభుత్వం ముస్లిం ప్రభువుది, వైద్యురాలు మెథడిస్టు. మనం మిషను నివేదికను మాత్రమే చదివి ఆ కథను చెబుతున్నాము. తక్కిన ఇద్దరి వైపు నుండి చదవాలంటే ఉర్దూ కావాలి. తెలుగు సంఘ చరిత్రకారులలో ఉర్దూ లిపి చదవగలవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గ్రీకు, హెబ్రీ నేర్పుతున్న సెమినరీ ఒక వేసవిలో ఉర్దూ లిపి నేర్పటం అసాధ్యం కాదు. ముస్లింలతో సంభాషణ కోసం పనిచేసే హెన్రీ మార్టిన్ సంస్థ 1971 నుండి ఈ నగరంలోనే ఉన్నది.

మన పత్రాల సంగతి వేరే. సి.ఎం.ఎస్. కాగితాలు బర్మింగ్‌హాంలో ఉన్నాయి. వెస్లియన్ మిషనువి లండనులో, అమెరికన్ బాప్టిస్టులవి అట్లాంటాలో ఉన్నాయి. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ 1720, 30 దశకాల్లో చేసిన తెలుగు బైబిలు అనువాదం జర్మనీలోని హాలేకు చేరి అచ్చు కాకుండానే ఉండిపోయింది. అవన్నీ కనీసం భద్రంగా ఉన్నాయి. ప్రమాదంలో ఉన్నవి ఇక్కడివే, పార్సొనేజి అటకల మీద ఉన్న బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు పుస్తకాలు, పాస్టరేటు కమిటీ మినిట్సు. పాస్టరు బదిలీ అయినప్పుడు కొన్ని పెట్టెలో కదులుతాయి, కొన్ని చెదలకు పోతాయి, కొన్ని పాత కాగితాలవానికి తూకానికి పోతాయి. రెడ్డి, కరణాల వంశాలకు భూమి దస్త్రాలు తార్నాకలో దొరుకుతాయి. భూమి లేని కుటుంబాల పేర్లు పదం పదంగా వ్రాసి ఉంచిన పుస్తకం, అనేక గ్రామాల్లో, బాప్తిస్మపు రిజిస్టరు ఒక్కటే.

పాత రిజిస్టర్లు కొన్నింటిలో బాప్తిస్మానికి ముందరి పేరు ఒక గడిలో, క్రొత్త పేరు మరొక గడిలో ఉంటాయి. తండ్రి పేరు, ఊరు, పని ఉంటాయి. మరికొన్నిటిలో క్రొత్త పేరు మాత్రమే. మొదటి రకం పుస్తకం ఏ సంఘంలో ఉన్నా ముందు దానిని చూడాలి. వర్షాకాలానికి ముందే అటక మీద నుండి దించి, ఎండలో కాక నీడలో ఆరనిచ్చి, పుట విడిపోతే టేపు అంటించకుండా, ప్రతి పుటను ఫోటో తీసి, ఒక ప్రతి సెమినరీ గ్రంథాలయానికి, ఒకటి డయోసీసు లేక కన్వెన్షను కార్యాలయానికి ఇవ్వాలి. అసలు పుస్తకం సంఘంలోనే ఉండాలి, నేల మీద కాక గూట్లో, నీళ్ళ గొట్టం లేని గోడ వైపు.